ఆ సందులో జనం ఏరి?

ముక్తేశ్వరంలో మా మామ్మ పక్కన కూర్చుని స్టీఫెన్ చౌ 'కుంగ్ ఫూ హసిల్' (2004) మళ్ళీ చూశాను. సబ్‌టైటిల్స్ ఆవిడకి అక్కర్లేదు. జుట్టుకి రోలర్లు, నోట్లో సిగరెట్టు, అరిస్తే కిటికీలు అదిరే ఇంటి ఓనరమ్మ రాగానే, "ఇదేంట్రా బాబూ, అద్దె అడుగుతోందా, ప్రాణం అడుగుతోందా?" అని పడీపడీ నవ్వింది.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. కాంటనీస్ ఒక్క ముక్క రానివాళ్ళకి కూడా ఇంత నవ్వొస్తోందంటే, అందులో ఆ భాష చేస్తున్న పనేంటి?

1990ల మొదట్లో హాంకాంగ్ ఏడాదికి 200 పైగా సినిమాలు తీసేది. ఇది వచ్చేనాటికి ఆ లెక్క వందలోపుకి పడిపోయింది. చౌకి పేరు తెచ్చింది నోటి కామెడీ. 'మో లేయ్ తౌ' అంటారు, తలాతోకా లేని మాటల వరస. అది అక్కడివాళ్ళకే పూర్తిగా అందుతుంది. ఇందులో మాటలు తగ్గించి దెబ్బలూ, కార్టూన్ పరుగులూ పెంచాడు. బయటి మార్కెట్టుకి వెళ్ళడానికి మాటల మూటని రేవులోనే దింపేసి పంటు ఎక్కాడన్నమాట.

అయితే మనుషుల్ని మాత్రం వదల్లేదు. 1972 నాటికి మాండరిన్ ధాటికి కాంటనీస్ సినిమా దాదాపు ఆగిపోయింది. మరుసటేడు చోర్ యూయెన్ తీసిన 'ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్' దానికి మళ్ళీ ఊపిరి పోసింది. ఇరుకు వాటాలు, పీడించే ఓనర్ దంపతులు అక్కణ్ణించి వచ్చినవే. బుద్ధుడి అరచేతి విద్య 1960ల కాంటనీస్ సినిమాలది. ఓనరుగా వేసిన యూయెన్ వా, 'ఎంటర్ ద డ్రాగన్'లో బ్రూస్ లీకి డూపు. ఓనరమ్మ యూయెన్ చ్యూ చాలా ఏళ్ళ విరామం తర్వాత తెరమీదకొచ్చింది. విద్య దాచుకుని బతికే పాత ఉస్తాదుల పాత్రల్లో నిజంగానే పాత ఉస్తాదులు! ఈ సినిమాలో నన్ను కదిలించేది ఇదే.

అందుకే చివరి అరగంట మీద నాకు కోపం. కూలీ, టైలరు, టిఫిన్లమ్మేవాడు చచ్చిపోయాక కథంతా హీరో చేతికి పోతుంది. అతను గ్రాఫిక్స్ మబ్బుల్లోకి ఎగురుతాడు. అచ్చం మన స్టార్ సినిమా. రేపు పాన్ ఇండియా లెక్కల్లో మన గోదావరి యాస నవ్వులకీ ఇదే గతి పట్టొచ్చు.

హీరో మబ్బుల్లో ఉండగా మామ్మ అడిగింది: "ఆ సందులో జనం అంతా ఏమైపోయార్రా?"

సమీక్ష రాయాల్సింది ఆవిడే.