గుటక పడేముందు

పక్షవాతంతో వార్డుకొచ్చిన మనిషికి ఇంటివాళ్ళు ముందుగా పట్టబోయేది నీళ్ళే. "మామయ్య నోరెండిపోతోంది, కాసిని కొబ్బరినీళ్ళు పట్టనా?" అంటుంది కోడలు. ఆ ప్రేమను కాదనడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. స్ట్రోక్ వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి మింగడం దెబ్బతింటుంది. నీళ్ళు పల్చన కదా, శ్వాసనాళం మూసుకునేలోపే అందులోకి జారిపోతాయి. మనకు పొలమారితే దగ్గొస్తుంది, ఎవరో తలుచుకుంటున్నారంటాం. వీళ్ళలో కొందరికి ఆ దగ్గు కూడా రాదు. తర్వాత జ్వరం, న్యుమోనియా.

స్పీచ్ థెరపిస్టుగా మింగడం చూడాల్సింది నేనే. కానీ రోగి అర్ధరాత్రి వస్తే అక్కడుండేది నర్సు. అందుకే మొదటి పరీక్ష ఆమె చేతిలో ఉండాలని గట్టిగా నమ్ముతాను. మనిషి మెలకువగా ఉన్నాడా, నిటారుగా కూర్చోగలడా, ఉమ్మి మింగుతున్నాడా, చెంచాడు నీళ్ళు మింగాక గొంతు గురగురమంటోందా? శిక్షణ ఉంటే నిమిషాల పని. అది తేలేదాకా నోటికి ఏదీ అందకూడదు, బీపీ బిళ్ళ కూడా. అన్నం ఆపినవాళ్ళు సైతం బిళ్ళ దగ్గర మరిచిపోతారు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో ఇలాంటి పద్ధతినే పరీక్షించి చూశారు. జ్వరం, షుగరు, మింగడం ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతిగా చూసుకున్నచోట, 90 రోజులకు చనిపోయినవారు, మరొకరిపై ఆధారపడినవారు కలిపి నూటికి 42 మంది. మిగతాచోట్ల 58. ఫలితాలు 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కొత్త మందేమీ లేదు. ఆ అంకెలు చదివినప్పుడల్లా నాకు మా నైట్ డ్యూటీ నర్సులే గుర్తొస్తారు.

పరీక్ష అయ్యాక కూడా జట్టు కావాలి. ఏ బిళ్ళ నూరకూడదో ఫార్మసిస్టు చెప్పాలి. జావ ఎంత చిక్కగా ఉండాలో డైటీషియన్‌తో కలిసి తేల్చుకుంటాం. సాంబారులో నానిన ఇడ్లీ మెత్తగా ఉందని పెట్టేస్తారు, కానీ నోట్లో పల్చనిదీ గట్టిదీ ఒకేసారి సంభాళించడం వీళ్ళకు మరీ కష్టం.

అయితే మన ఆసుపత్రుల్లో చెంచా పట్టుకునేది అటెండెంటే. పగలు కూతురుంటుంది, రాత్రికి తమ్ముడొస్తాడు. కూతురికి చెప్పిన జాగ్రత్త తమ్ముడికి చేరదు. నర్సులు డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు అప్పజెప్పుకున్నట్టే వీళ్ళకూ అప్పజెప్పాలి. మంచం తల దగ్గర పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఏం పెట్టొచ్చో, ఎలా కూర్చోబెట్టాలో రాసి ఉండాలి. చదువు రానివాళ్ళకు ఒక చెంచా పెట్టి చూపించి, రెండోది వాళ్ళచేత పెట్టించి చూడాలి.