గోడమీది బొమ్మ, గీసిన చేయి

నగర చిత్రకారులు గిరిజన గ్రామములలో కొన్నాళ్లు విడిది చేసి, గోడలమీది ఆకృతులను నకలు దించుకొని వెళ్లుట పరిపాటి. ఆ బొమ్మ గీసిన చేతికొక పేరున్నదని గుర్తించుట అరుదు.

తిల్దా, రాయపూరులు మధ్యప్రదేశ్‌లో చేరియున్న రోజులలో, 1982లో భోపాల్‌లో వెలసిన భారత్ భవన్ కొరకు చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ యువ కళాకారులను ఆ రాష్ట్రపు పల్లెలకు పంపినాడు. పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడపై వారు చూచిన చిత్రము జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అను ప్రధాన్ గోండు యువకునిది.

ప్రధానులు వంశపారంపర్యముగా గాయకులు. బానా వాయించుచు గోండుల దేవతలను కీర్తించువారు. పాటలలో మెలగిన ఆ దేవతలకు జన్‌గఢ్ కాగితముపై చుక్కలతో, సన్నని గీతలతో దేహము కల్పించినాడు. దీనిని ప్రాచీన కళకు నకలనుట పొరపాటు. ఇది ఒక వ్యక్తి సృష్టి. స్వామినాథన్ దానిని నగర చిత్రముల సరసన నిలుపుట న్యాయమే. అయితే ప్రదర్శనశాలలోని గౌరవము కళాకారుని బ్రతుకునకు రక్షణ కాజాలదు. 2001లో జపానులో, స్వగ్రామమునకు దూరముగా, జన్‌గఢ్ ఆత్మహత్య చేసుకొన్నాడు.

శ్రీకాకుళపు సవర గూడెములకు వెళ్లు మన చిత్రకారులకును ఇందు పాఠమున్నది. అక్కడి గోడచిత్రము దేవతలకు, పితరులకు అర్పించిన మొక్కు. చూడవచ్చినవారు ముందుగా గీసినవాని పేరడుగవలెను. తీసికొన్నదానికి బదులేమి ఇచ్చుచున్నారో తమను తాము ప్రశ్నించుకొనవలెను.