వదిన మానేసిన మాత్ర

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక గ్లాసు నీళ్లు. ధర్మవరంలో ఉండే మా వదిన పొద్దున లేస్తూనే, నోరు కూడా పుక్కిలించకుండా, గ్లాసెడు నీళ్లలో ఉమ్మి పావుగంట సేపు దాన్నే చూస్తూ కూర్చుందట. ఉమ్మి పైన తేలితే మంచిదట. తీగలు తీగలుగా కిందికి దిగితే కడుపు నిండా కాండిడా అనే ఈస్టు పెరిగిపోయినట్టట. ఫోనులో ఒక వీడియో చెప్పింది. తీగలు దిగాయి. ఎందుకు దిగవు? రాత్రంతా నోట్లో చిక్కబడిన జిగురు నీళ్లలో పడితే ఎవరిదైనా దిగుతుంది. నాదీ దిగుతుంది, ఆ వీడియో చేసిన అమ్మాయిదీ దిగుతుంది. వదిన మాత్రం ఆ తీగల్ని నమ్మి ఒకే పూటలో మూడింటిని బంద్ పెట్టేసింది: చక్కెర, రాగి ముద్ద, థైరాయిడ్ మాత్ర.

చక్కెర మానేస్తే నాకు అభ్యంతరం లేదు. ముద్ద దగ్గరికొచ్చేసరికే రక్తం మరిగింది. నా రాగి పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మా ఊరు గుడిబండ అనగానే చిక్కబళ్లాపురం వైపు కోట ఉన్న ఊరనుకుని ‘మీ ఊరి కోట చూశామండీ’ అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కర్ణాటక. మాది మడకశిర పక్కది. రెండు చోట్లా తినేది మాత్రం ముద్దే. అలాంటి ముద్దని, ఊరుబిండితో సహా, ఒక గ్లాసు ఉమ్మి కోసం మానేస్తుందా ఈమె అనుకున్నాను. మూడోది వినేదాకా అసలు సంగతి ముద్ద కాదని అర్థం కాలేదు.

‘మాత్ర మానేసి పది దినాలాయ పాపా. ఏమీ కాలేదు. ఒళ్లు ఇంకా తేలిగ్గా ఉంది’ అంది. (నాకు యాభై దాటినా ఆమెకు పాపనే.)

ఈ మాట దగ్గరే చాలామంది బోల్తా పడతారు. థైరాయిడ్‌కి మనవాళ్లు మింగే లెవోథైరాక్సిన్ నిదానంగా వచ్చి నిదానంగా పోయే మందు. ఒంట్లో చేరిన దాంట్లో సగం తరగడానికే దాదాపు వారం పడుతుంది. మరో వారానికి మిగిలిన దాంట్లో సగం. అంటే మానేసిన పదో రోజున మూడో వంతుకు పైగా ఇంకా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. వదినకి తేలిగ్గా ఉందంటే అది పాత మాత్రలు చేసిన చాకిరీ, కూలి డబ్బు మాత్రం కొత్త పథ్యం జేబులో పడింది. డాక్టర్లు డోసు మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలాగి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించుకోమనేది కూడా ఇందుకే. ముందే చేయిస్తే ఆ అంకె పాత డోసుదో కొత్త డోసుదో తేలదు.

ఈ మాత్ర లేని కాలం ఎలా ఉండేదో చెప్తే వదినకి నచ్చదు గానీ, మా వైపు గొర్రెల కాపర్లకి నచ్చుతుంది. 1891లో ఇంగ్లండులో, న్యూకాసిల్లో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథి రసం తీసి, థైరాయిడ్ పూర్తిగా చచ్చుబడి ముఖమూ ఒళ్లూ ఉబ్బిపోయిన 46 ఏళ్ల ఆడమనిషికి సూదితో ఎక్కించాడు. ఆమె తేరుకుని మరో 28 ఏళ్లు బతికింది. ఆ 28 ఏళ్లకూ 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయి. ఇప్పుడు ఆ పని చేసేది సీసాలో ఉండే ఆవగింజంత మాత్ర, అందులో మందు మైక్రోగ్రాముల్లో. దాన్ని మానేయమని చెప్పడానికి ఎంత ధైర్యముండాలి!

వీడియోలో వాదన ఇదీ: ఈస్టు పేగుల్లో కూర్చుని థైరాయిడ్ మందుని అడ్డుకుంటుంది, కాబట్టి ముందు దాన్ని చంపాలి, తర్వాత థైరాయిడ్ దానంతటదే దారికొస్తుంది. ఇది ఫోన్లతో పుట్టిన సిద్ధాంతం కాదు. 1983లో అమెరికాలో విలియం క్రూక్ అనే డాక్టరు రాసిన పుస్తకంతో ఊపందుకుంది. నీరసం, మతిమరుపు, దిగులు, తలనొప్పి, కడుపుబ్బరం, అన్నిటికీ ఈస్టే కారణమని. ఆ జాబితాని తీసుకెళ్లి థైరాయిడ్ తక్కువైనవాళ్ల బాధల పక్కన పెడితే సగానికి సగం అవే మాటలు. అందుకే ఇది థైరాయిడ్ మనుషుల్ని ఇంత సులువుగా పట్టుకుంటుంది. 1990లో అలబామా డాక్టర్లు తమకు ఈ ఈస్టు జబ్బే ఉందని నమ్మిన 42 మంది ఆడవాళ్లకి నిస్టాటిన్ అనే ఈస్టు మందు కొన్నాళ్లు, ఉత్తుత్తి మాత్ర కొన్నాళ్లు, ఏది ఎప్పుడో చెప్పకుండా ఇచ్చి చూశారు. నీరసం, దిగులు వగైరాల్లో అసలు మందుకీ ఉత్తుత్తి మాత్రకీ తేడా రాలేదు. లోపలి దురద, తెల్లబట్ట మాత్రం అసలు మందుకే తగ్గాయి. ఈ చివరి వాక్యాన్ని మొదట చదివినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

నిస్టాటిన్ పేరొచ్చింది కాబట్టి మా యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరికి వెళ్లకుండా నేను ఉండలేను. పాత పాఠకులు నవ్వుకుంటారని తెలుసు. ఏ తీగ లాగినా ఈవిడ భీమవరంలో తేలుతుందని ఒకాయన రాశారు కూడా. తేలుతాను. 1895లో భీమవరంలో పుట్టి, 1922లో అమెరికా చేరి, 1942 నాటికి లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడాయన. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలో తవ్విన మట్టి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే పెద్దబిడ్డ. 1948లో లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. ఇవాళ మందుల షాపులో మీ చేతిలో పెట్టే డాక్సీసైక్లిన్ ఆ వంశానిదే.

ఇప్పుడు ఈస్టు సంగతి. ఆ కొత్త మందులు ఏ సూక్ష్మజీవిని చంపాలో దాన్నే చంపి ఊరుకోలేదు. నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ల లోపలి భాగంలో కాపురముండే మంచి బాక్టీరియానీ ఊడ్చేశాయి. ఆ ఖాళీలో కాండిడా పెరిగింది. ఇది కట్టుకథ కాదు, 1950ల్లో డాక్టర్లు కళ్లారా చూసిందే. దానికి విరుగుడు మళ్లీ మట్టిలోంచే వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో. మట్టి నమూనాలూ సీసాలూ పోస్టులో అటూ ఇటూ పంపించుకుంటూ పని చేశారు. వర్జీనియాలో తన స్నేహితుల పొలం నుంచి హేజెన్ తెచ్చిన మట్టిలో దొరికిన మందుని 1950లో ప్రకటించారు. రాష్ట్రం పేరు కలిసొచ్చేలా నిస్టాటిన్ అన్నారు. దాని మీద వచ్చిన కోటిన్నర డాలర్లకు కాస్త తక్కువైన రాయల్టీ సొంతానికి వాడుకోలేదు, పరిశోధనకే ఇచ్చేశారు. తర్వాత కంపెనీలు టెట్రాసైక్లిన్‌నీ నిస్టాటిన్‌నీ ఒకే మాత్రలో కలిపి కూడా అమ్మాయి. మిస్సోరీ మట్టి చేసిన పనికి వర్జీనియా మట్టి మాత్ర. 1966లో ఫ్లోరెన్స్ వరదల్లో తడిసిన చిత్రాల మీద బూజు పట్టకుండా కూడా ఇదే నిస్టాటిన్ చల్లారట. చూశారా, మళ్లీ దారి తప్పాను. ధర్మవరం రావాలి.

థైరాయిడ్ మాత్రని నిజంగా అడ్డుకునేవి మన వంటింట్లోనే ఉన్నాయి. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. కాఫీ వెంటనే తాగితే మందు ఒంటబట్టేది తగ్గుతుంది. గ్యాస్‌కని రోజూ మింగే పాంటొప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గించి ఈ మందునీ తగ్గిస్తాయి. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడేవాళ్లకైతే మందు సరిగ్గానే పనిచేస్తున్నా రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ అంకె తప్పుగా రావచ్చు. పరీక్షకి రెండు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పాలి.

ఇక ముద్ద. చిరుధాన్యాలన్నీ థైరాయిడ్‌కి శత్రువులని వీడియో గంపగుత్తగా తేల్చేసింది. 1980ల్లో సూడాన్‌లోని డార్ఫర్‌లో గొంతువాపులు చూసి పరిశోధకులు పట్టుకున్నది సజ్జల్ని. సజ్జల్లోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డుపడతాయని చూపించారు. అదీ రోజూ సజ్జ తప్ప మరో తిండి లేని చోట, అయొడిన్ కరువైన చోట. దాన్ని తెచ్చి మా రాగికి అంటగట్టడం అన్యాయం. ఇంతవరకూ రాగి తరఫున నా వకాల్తా. కానీ వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, దాన్ని పొగుడుతూ నేనే వారాల తరబడి రాశాను. మాత్ర వేసుకున్న వెంటనే లోటాడు రాగి అంబలి తాగితే ఆ కాల్షియమే మందుకి అడ్డం. వదిన ఇన్నేళ్లూ అదే చేస్తోంది. పథ్యం మొదలెట్టాక అంబలి లేదు, కానీ మాత్రా లేదు. ఒక గంట ఆగి అంబలి తాగమంటే మగ్గం దగ్గరికి ఆలస్యమవుతుందంటుంది. నెదర్లాండ్స్‌లో 2010లో చేసిన అధ్యయనంలో రాత్రి పడుకునేటప్పుడు వేసుకున్నవాళ్లకి టీఎస్‌హెచ్ ఇంకా మెరుగ్గానే వచ్చింది. కాకపోతే తిన్నాక మూడు గంటలాగాలి. ముద్ద తిని మూడు గంటలు మేలుకునే మనిషి మా ఇళ్లలో ఎవరూ లేరు. చివరికి తేలిందేమిటంటే, ఆమె పాలు పితకడానికి అయిదింటికి లేస్తుంది, అప్పుడే నీళ్లతో మాత్ర. పాలు పోసి వచ్చాక అంబలి. మాత్ర సీసా వంటింట్లోంచి కొట్టంలో గూటికి మారింది.

ఇదంతా తిట్లతో కలిపి అప్పజెప్పి ఫోను పెట్టేద్దామనుకున్నాను. వదిన అడ్డుపడింది. ‘అంతా సరే పాపా. మరి దురద సంగతేంది?’

ఏం దురద?

మూడు నెలలుగా లోపల దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. థైరాయిడ్ చూపించుకోవడానికి వెళ్లిన ప్రైవేటు క్లినిక్కులో కుర్చీలో కూర్చోకముందే రిపోర్టు చూసి, డోసు రాసి, తర్వాత వాళ్లని పిలిచారట. మగ డాక్టరు, పక్కన మగ కాంపౌండరు, గుమ్మంలో ఇంకో నలుగురు. ‘అడిగితే చెప్పేదాన్నేమో, ఎవురూ అడగలా. ఆ ఫోనులో అమ్మాయి మాత్రం మొదటి మాటే లోపల దురద ఉందా అని అడిగింది’ అంది.

అలబామా అధ్యయనంలో నేను దాటేసిన చివరి వాక్యం ఇదే. వీడియో చెప్పిన జవాబు తప్పు, గ్లాసు పరీక్ష బూటకం. అయినా ఆ ప్రశ్న అడిగినందుకు దాని మీద నాకున్న కోపంలో సగం పోయింది, పోనివ్వక తప్పలేదు. నీరసానికి ఈస్టు కారణం కాకపోవచ్చు, దురదకి మాత్రం అదే. అది మళ్లీ మళ్లీ వస్తుంటే అడగాల్సిన మొదటి మాట: షుగర్ చూపించుకున్నారా? రక్తంలో చక్కెర పెరిగితే కాండిడాకి పండగ. నీరసం కూడా అక్కడిదే కావచ్చు. థైరాయిడ్, షుగర్ రెండూ ఈ వయసులో విరివిగా కనబడేవే. ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా తేలింది, వాటిలో హైదరాబాదూ ఒకటి. కాండిడాకీ గ్రంథులకీ నేరుగా చుట్టరికం ఉన్న జబ్బూ ఒకటుంది. పుట్టుకతో వచ్చే జన్యులోపం, చిన్నతనంలోనే నోట్లో, గోళ్లలో కాండిడా, ఆపైన ఒక్కొక్క గ్రంథీ దెబ్బతినడం. చాలా అరుదు. వదినది అది కాదు.

వదినకి తిన్న తర్వాత షుగర్ 260 దాటింది. లేడీ డాక్టరుని చూపించాం. థైరాయిడ్ మాత్ర మళ్లీ మొదలు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు. మందుల షాపులో అడిగితే ఇచ్చేసే ఫ్లూకోనజోల్ 150 బదులు ఇదెందుకని అడిగాను. ఫ్లూకోనజోల్‌కి థైరాయిడ్ మాత్రతో చెప్పుకోదగ్గ పేచీ లేదు. గ్లిమిపిరైడ్‌తో ఉంది, దాన్ని ఒంట్లో ఎక్కువసేపు నిలబెట్టి చక్కెరని మరీ కిందికి దించగలదు. గర్భిణులైతే అసలు వేసుకోకూడదు. షుగర్‌కే ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు చక్కెరని మూత్రంలోకి పంపుతాయి కాబట్టి ఈ దురదని పెంచుతాయి, ముందు ముందు ఎవరైనా రాస్తే ఈ చరిత్ర చెప్పాలన్నారు. చక్కెర మానేయడం ఒక్కటీ వీడియో చెప్పినట్టే కొనసాగుతోంది. ముద్ద తిరిగొచ్చింది, కొలతతో.

ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. ముప్పై దాటిన వాళ్లందరికీ ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి నింపే ఫారంలో ఆడవాళ్ల ప్రశ్నలున్నాయి, అందులో తెల్లబట్ట గురించి కూడా ఉంది. దుర్వాసనతో తెల్లబట్ట అవుతోందా అని. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ని పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్న. కాండిడాకి మామూలుగా వాసన ఉండదు. వదిన లేదని చెప్పింది, అబద్ధమేం కాదు.

మా గుడిబండ ఆశా అమ్మాయిని పిలిచి, ఆ ప్రశ్న తర్వాత దురద ఉందా అని కూడా అడగమన్నాను.

‘అడుగుతాను గానీ అమ్మా, ఫారంలో దానికి గడి లేదు. యాడ రాయాల?’ అంది.

పక్కన ఖాళీలో రాయమన్నాను.