అడుగుతున్నది ఎవరు?

ఒక యూజర్ తన 17వ నంబరు ఆర్డర్ చూసుకుంటున్నాడు. వెబ్ చిరునామాలో 17 చెరిపి 18 కొడితే ఇంకొకరి ఆర్డర్ తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్ భద్రతా సంస్థ ఓవాస్ప్ ప్రకటించే ఏపీఐ భద్రతా ముప్పుల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం ఈ తరహా లోపానిదే. లాగిన్ సరిగ్గానే ఉంది, టోకెన్ సరిగ్గానే ఉంది. ఆ ఆర్డర్ అతనిదేనా అని మాత్రం కోడ్ ఎక్కడా చూడలేదు. అది చూడాలంటే ముందు అడుగుతున్నది ఎవరో నమ్మకంగా తెలియాలి. అందుకే ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో ఏళ్లుగా నడుస్తున్న బేస్ కంట్రోలర్ పద్ధతికి నేను చాలా విలువ ఇస్తాను.

కంట్రోలర్లన్నిటికీ ఉమ్మడిగా ఒక మాతృ క్లాసు రాస్తారు. ప్రస్తుత యూజర్ ఐడీ ఇచ్చే ప్రాపర్టీ అందులో ఉంటుంది. ఆథరైజ్ ఆట్రిబ్యూట్‌ను కూడా అక్కడే పెడితే పిల్ల క్లాసులన్నిటికీ అదే వర్తిస్తుంది. ఐడీ ఎప్పుడూ సర్వర్ సరిచూసిన టోకెన్ నుంచే రావాలి. క్లయింట్ పంపిన యూఆర్‌ఎల్‌నో బాడీనో నమ్మి తీసుకోకూడదు.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది కన్‌స్ట్రక్టర్ దగ్గర. యూజర్‌ను అక్కడే ఒకసారి చదివి ఫీల్డులో దాచుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నడిపి చూస్తే నల్! నిజానికి అప్పటికే ఆథెంటికేషన్ మిడిల్‌వేర్ తన పని ముగించింది, యూజర్ ఎవరో హెచ్‌టీటీపీ కాంటెక్స్ట్‌లో ఉంది. కానీ ఫ్రేమ్‌వర్క్ ముందు కంట్రోలర్ ఆబ్జెక్టును సృష్టించి, ఆ తర్వాతే దానికి కాంటెక్స్ట్‌ను జతచేస్తుంది. కన్‌స్ట్రక్టర్ నడిచేది ఆ సృష్టి జరిగేటప్పుడే, కాంటెక్స్ట్ జతకాకముందే. కాబట్టి విలువను ముందే దాచుకోకుండా, అడిగినప్పుడల్లా చదివి ఇచ్చే గెటర్ రాయాలి. కన్‌స్ట్రక్టర్‌లోనే కావాలంటే హెచ్‌టీటీపీ కాంటెక్స్ట్ యాక్సెసర్‌ను ఇంజెక్ట్ చేసుకోవచ్చు. అది అసింక్ లోకల్ మీద ఆధారపడింది గనుక అవెయిట్ తర్వాత థ్రెడ్ మారినా సమాచారం వెంటే వస్తుంది.

లాగిన్ కానివాళ్ల సంగతి వేరు. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో యాక్షన్ నడిచేటప్పుడు వాళ్లకూ యూజర్ ఆబ్జెక్టు ఉంటుంది, అందులోని గుర్తింపు మాత్రం ఖాళీది, ధ్రువీకరణ కానిది. నల్ కాదు కదా అని సంతోషించి ముందుకెళ్తే ప్రమాదం. ఈజ్ ఆథెంటికేటెడ్ చూసి తీరాలి.

టోకెన్ మోసుకొచ్చే వివరాల్లో, అంటే క్లెయిముల్లో, ఇంకో చిక్కు ఉంది. ఈ టోకెన్లకు వాడే జేడబ్ల్యూటీ ప్రమాణం 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7519గా వెలువడింది. అందులో యూజర్ ఐడీ ఉండాల్సిన చోటు ‘సబ్’ క్లెయిమ్. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో ఆ టోకెన్‌ను సరిచూసే జేడబ్ల్యూటీ బేరర్ మామూలు అమరికలో దాన్ని నేమ్ ఐడెంటిఫైయర్ అనే పొడవాటి పేరుకు మార్చేస్తుంది. ఈ మార్పిడి చేసే మ్యాప్ ఇన్‌బౌండ్ క్లెయిమ్స్ అమరికను ఆపకుండా ‘సబ్’ కోసం వెతికితే ఏమీ దొరకదు. ఈ మర్మం బేస్ కంట్రోలర్ ఒక్కదానికి తెలిస్తే చాలు, ఆర్డర్ల కోడ్‌కు దానితో పనిలేదు.

అయితే నేపథ్యంలో నడిచే పనులకు ఈ ప్రాపర్టీ అక్కరకు రాదు. రిక్వెస్ట్ ముగిస్తే దాని కాంటెక్స్ట్ కూడా ముగుస్తుంది. రాత్రి పంపాల్సిన బిల్లు ఎవరి తరఫున వెళ్తోందో క్యూలో పెట్టేటప్పుడే, యూజర్ ఐడీని మామూలు విలువగా ఆ పనితోపాటు రాసి పంపాలి.