సరుకు మోసేవాడు కనిపించని స్మగ్లింగ్ నవల

అపరాధ పరిశోధన నవలల మీద, గూఢచారి నవలల మీద మన విమర్శ 'క్షుద్ర సాహిత్యం' అని ఒక ముద్ర వేసి చేతులు దులుపుకుంది. ముద్ర తప్పని నేననడం లేదు. అది చాలదంటున్నాను. ఒక సాహిత్యం దశాబ్దాల తరబడి బస్‌స్టాండు పుస్తకాల కొట్లలో, అద్దె లైబ్రరీల్లో చేతులు మారి అట్టలు చిరిగేదాకా చదవబడిందంటే, దాన్ని చదివినవాడు తెలివితక్కువవాడు అనుకోవడం కన్నా, అతనికి అందులో ఏం దొరికిందో, అతని దగ్గర్నించి అదేం కాజేసిందో తేల్చడం విమర్శకుడు చేయాల్సిన పని. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో 1970ల తర్వాత చదువుకున్న తరంలో చాలామంది విప్లవ కవిత్వం కన్నా ముందు షాడో నవలే చదివారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆలోచించాల్సింది మాత్రం చాలా ఉంది.

కొమ్మూరి సాంబశివరావు 1950ల చివర్లో డిటెక్టివ్ యుగంధర్ని పాఠకులకు అలవాటు చేశాడు. యుగంధర్, అతని అసిస్టెంటు రాజు మద్రాసు నగరంలో తిరుగుతారు. నేరం ఒక ఇంట్లోనో హోటల్లోనో జరుగుతుంది. కారణం సాధారణంగా ఆస్తి, వారసత్వం, అక్రమ సంబంధం. అంటే అప్పటి మధ్యతరగతి భయాలన్నీ అందులో ఉన్నాయి, మధ్యతరగతి మర్యాద కూడా ఉంది. యుగంధర్ బుద్ధితో నేరస్థుణ్ణి పట్టుకుని పోలీసులకు అప్పగిస్తాడు. ఆ తర్వాత కోర్టు ఉంటుందనే నమ్మకం ఆ నవలల్లో ఇంకా బతికే ఉంది.

మధుబాబు షాడో దగ్గరికొచ్చేసరికి ఆ నమ్మకం చచ్చిపోయింది. షాడో డిటెక్టివ్ కాదు, సి.ఐ.బి. ఏజెంటు. అతని పై అధికారి కులకర్ణి. వెంట బిందు, గంగారాం, ముఖేష్, శ్రీకర్ లాంటివాళ్లు. కథ మన ఊళ్లో మొదలైనా మన ఊళ్లో ఉండదు. సముద్రాలు దాటుతుంది, అడవులు, ఎడారులు దాటుతుంది, విదేశీ ముఠాల స్థావరాల్లోకి పోతుంది. దొంగ బంగారం, మత్తుమందులు, ఆయుధాలు, రహస్య పత్రాలు. వేగం నిజంగా బాగుంటుంది. మధుబాబు వాక్యం ఎక్కడా కాలు కూడదీసుకోదు. సీరియస్ రచయితలమని చెప్పుకునే మనలో కొందరు ఆ పని ఆయన దగ్గర నేర్చుకున్నా నష్టం లేదు.

పాఠకుడికి ఇందులో ఏం దొరికింది? అతనికి తాలూకాఫీసు తెలుసు. ఠాణా తెలుసు. వాయిదాల మీద వాయిదాలు పడే కోర్టు తెలుసు. పై నుంచి కింది దాకా లంచం పాకిందని అతనికి ఏ నవలా చెప్పనక్కర్లేదు. అక్కడ జీవితకాలం తిరిగినా దొరకని న్యాయం షాడో నూటయాభై పేజీల్లో చేసి చూపిస్తాడు. కలలోనైనా దోషికి శిక్ష పడాలనే ఆ కోరిక న్యాయమైన కోరిక. ఈ నవల తప్పల్లా ఆ కోరికను మోసుకుపోయి ఎక్కడ దించిందన్న దగ్గర ఉంది.

రాజ్యం చేతిలో దించింది. ఈ నవలల్లో అవినీతిపరుడు ఉంటాడు, అవినీతి ఉండదు. ఒక మంత్రో, ఒక అధికారో ముఠాకి అమ్ముడుపోతాడు. చివరి అధ్యాయంలో ముసుగు ఊడుతుంది, చస్తాడు. అతని కుర్చీ మాత్రం అలాగే ఉంటుంది. కుర్చీకి పైన కులకర్ణి ఉంటాడు; అతను నిష్కళంకుడు. పాఠకుడు తన అనుభవంలో కింద కానిస్టేబులు నుంచి పైదాకా చూసిన దాన్ని నవల తలకిందులు చేసి, పైన అంతా శుభ్రంగా ఉందని, మధ్యలో ఎవడో ఒకడు పాడైపోయాడని నచ్చజెబుతుంది.

ఇంకో మాయ ఉంది. స్మగ్లింగ్ నవల అంటారు గానీ ఇందులో సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు మోశారో, ఎవరు కొన్నారో కనిపించదు. బాసు ఉంటాడు, గూండాలుంటారు, ఏజెంటు ఉంటాడు. సరుకు పెట్టెలో ఉంటుంది, అంతే. నిజానికి మన దేశంలో బంగారం స్మగ్లింగ్ ఒక చట్టాన్ని ఆనుకుని పెరిగింది. 1963లో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ వచ్చింది. 14 క్యారట్లు మించి కొత్త నగ చేయకూడదన్నారు. 1968లో అది పూర్తి చట్టమైంది, 1990లో రద్దయింది. ఈ మధ్యకాలంలో ఎవరు బాగుపడ్డారో, ఎవరు చెడిపోయారో లెక్క తీస్తే ఒక మహానవల అవుతుంది. వృత్తి పోయి వీధిన పడ్డ స్వర్ణకారులు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఒకవైపు; పడవలకి పెట్టుబడి పెట్టినవాళ్లు, తీరంలో కళ్లు మూసుకోవడానికి నెలవారీ తీసుకున్నవాళ్లు ఇంకోవైపు. మన గూఢచారి నవలల్లో దొంగ బంగారం బిస్కెట్లు కొల్లలుగా ఉన్నాయి. ఒక్క కంసాలి కొలిమి లేదు.

స్మగ్లర్ల మీద ప్రభుత్వం చేసిన యుద్ధం సంగతీ అంతే. అంతర్గత భద్రతా చట్టం, అదే మీసా, 1971 నాటిది. 1974లో స్మగ్లర్లను నిర్బంధించడానికని ఆర్డినెన్సుతో దానికి పదును పెట్టారు. ఆ డిసెంబరులోనే కాఫిపోసా చట్టం వచ్చింది. హాజీ మస్తాన్ లాంటివాళ్ల అరెస్టులు పత్రికలకెక్కాయి. జనం చప్పట్లు కొట్టారు. ఏడాది తిరగకుండా ఎమర్జెన్సీ వచ్చి, విచారణ లేకుండా జైల్లో పెట్టే అదే పద్ధతి రాజకీయ కార్యకర్తల మీదికి, రచయితల మీదికి తిరిగింది. విచారణ ఎందుకు, దొంగ అని తెలుస్తూనే ఉంది కదా అనే వాదానికి నవలల్లో అలవాటుపడ్డ చెవి దాన్ని దినపత్రికలో చదివినప్పుడు ఉలిక్కిపడదు.

ఏజెంటు తూటా గురించి కూడా ఇక్కడే మాట్లాడాలి. షాడో చంపినప్పుడు పంచనామా ఉండదు. చచ్చినవాడికి తల్లి ఉండదు, ఊరు ఉండదు. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థుల్ని పోలీసులు కాల్చి చంపారు. వారిలో సూరపనేని జనార్దన్ వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎదురుకాల్పులని ప్రకటన. 1977లో తార్కుండే కమిటీ విచారించి, పట్టుకుని చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. తర్వాత వేసిన భార్గవా కమిషన్ విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుబట్టి దాన్ని ముందుకు సాగనివ్వలేదు. మధుబాబు నవలలు గిరాయిపల్లిని సమర్థించాయని నేననడం లేదు. ఆయనకు ఆ ఉద్దేశం ఉందనడానికి ఆధారమూ లేదు. కానీ ప్రభుత్వోద్యోగి చేతిలో తుపాకి ఉంటే అవతలివాడు దోషే అయి ఉంటాడన్న సంస్కారం ఒక్క పోలీసు ప్రకటనతో తయారు కాదు. వినోదం దానికి నేల దున్ని పెడుతుంది.

ఈ రకం నవల పుట్టుకే ఇంతనడానికి లేదు. పాశ్చాత్య దేశాల్లోనూ ఇందులో రెండు దారులున్నాయి. జేమ్స్ హాడ్లీ ఛేజ్ అనే ఇంగ్లీషువాడు తాను ఎరగని అమెరికా గురించి మ్యాపులూ యాస నిఘంటువులూ ముందు పెట్టుకుని 1939లో మిస్ బ్లాండిష్ నవల రాశాడు. మనవాళ్లు ఎందరికో ఆయనే గురువు. 1944లో జార్జి ఆర్వెల్ ఆ నవల మీద రాసిన వ్యాసంలో, పోలీసుకీ దొంగకీ మధ్య నీతిలో తేడా చెరిగిపోయి బలాన్ని పూజించడం ఒక్కటే మిగిలిందని పట్టుకున్నాడు. ఆర్వెల్ రాజకీయాలతో మన పేచీ మనకుంది, ఈ మాట మాత్రం కాదనలేం. రెండోదారి డాషియల్ హామెట్‌ది. సమ్మెలు విరగ్గొట్టడంలో పేరుమోసిన పింకర్‌టన్ ఏజెన్సీలో డిటెక్టివ్‌గా పనిచేసినవాడు. 1929 నాటి 'రెడ్ హార్వెస్ట్'లో గనుల యజమాని కార్మికుల సమ్మె అణచడానికి కిరాయి గూండాల్ని ఊళ్లోకి తెస్తాడు. పని అయ్యాక వాళ్లు పోరు, ఊరే వాళ్లదవుతుంది. నేరం ఎక్కణ్ణుంచి మొదలైందో హామెట్ దాచలేదు. 1951లో, పౌరహక్కుల సంఘం బెయిలు నిధికి చందాలిచ్చినవాళ్ల పేర్లు చెప్పనని జైలుకు కూడా పోయాడు. గ్రాహం గ్రీన్ 'థర్డ్ మ్యాన్'లో హారీ లైమ్ కల్తీ పెన్సిలిన్ అమ్ముతాడు. ఆ మందు ఎక్కించుకున్న పిల్లలు ఏమయ్యారో ఆసుపత్రికి తీసుకెళ్లి మరీ చూపిస్తారు. సరుకు చేరిన చోటుదాకా కథ పోవడమంటే అదీ.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. విశాఖపట్నంలో రావిశాస్త్రి ఉన్నాడు. 'ఆరు సారా కథలు'ని ఎవరూ నేర సాహిత్యం అలమరలో పెట్టరు. పెట్టాలి. నిషేధపు చట్టం, దొంగసారా, మామూళ్లు, తప్పుడు సాక్ష్యాలు, ప్లీడర్లు, మేజిస్ట్రేట్లు: షాడో నవలకి కావలసిన దినుసులన్నీ అందులో ఉన్నాయి. విదేశీ ముఠా ఒక్కటే లేదు, దాని అవసరమూ లేదు. రావిశాస్త్రి స్వయంగా ప్లీడరు. సారా కేసులో బోనెక్కేది ఎవరో, బోనెక్కనిది ఎవరో రోజూ చూసినవాడు. 'మాయ' కథలో ముత్యాలమ్మ కుర్రప్లీడరుకి లోకం చెబుతుంది. చట్టాల పుస్తకం చదివినవాడికి చట్టం ఎలా నడుస్తుందో సారాకేసు ముద్దాయి చెప్పాల్సి వస్తుంది. ఆ కథలో ఉత్కంఠ లేదా? ఉంది. దోషి ఎవరన్నది కాదు అక్కడి ఉత్కంఠ. తెలిసిన దోషుల మధ్య ఈ మనిషి ఎలా బతుకుతుందన్నది. ఉత్తరాంధ్ర వాడుక భాషలో, నవ్విస్తూ నవ్విస్తూ, ఠాణాకీ కోర్టుకీ సారాబట్టీకీ మధ్య డబ్బు ఏ దారిన తిరుగుతుందో ఆయన గీసి చూపించాడు. అంతర్జాతీయ ముఠాల నవలలన్నీ కలిపినా ఆ పటం దొరకదు.

ఇప్పుడు తెలుగునేల మీదే అచ్చమైన అంతర్జాతీయ స్మగ్లింగ్ ఉంది. ఎర్రచందనం శేషాచలం కొండల్లో, వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. చైనాలో సామాన్లకి, జపాన్‌లో సంగీతవాద్యాలకి గిరాకీ. కొట్టేవాళ్లు తమిళనాడు జవ్వాది కొండల్లాంటి చోట్ల నుంచి కూలికి వచ్చే నిరుపేదలు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర అడవిలో ఒకేరోజు 20 మంది అలాంటి కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. కొడవళ్లతో, రాళ్లతో దాడి చేశారని పోలీసుల మాట. ఆరేళ్లకు, 2021లో 'పుష్ప' వచ్చింది, 2024లో రెండోభాగం. అందులో కూలీ భుజం పైకెత్తి సిండికేటు నాయకుడవుతాడు. షాడో నవలలో అసలు లేని కూలీ ఇక్కడ తెరనిండా ఉన్నాడు, అంతవరకు మార్పే. కానీ అతను కూలీగా ఎంతసేపున్నాడు? యజమాని అయ్యాకే కథ ఊపందుకుంటుంది, యజమాని అయ్యాడు గనకే మనం ఈలలు వేస్తాం. దుంగ మోసి దుంగ పక్కనే పడిపోయినవాడి కథకి టికెట్లు తెగవని పరిశ్రమ లెక్క వేసుకుంది. ఆ లెక్క వ్యాపారిది, అందులో వింతేముంది. మన రచయితలది ఏం లెక్క?

ఈ జిల్లా సంగతే తీసుకుందాం. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన గంజాయి ఖమ్మం, వరంగల్ మీదుగా హైదరాబాదుకీ మహారాష్ట్రకీ పోతుంది. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో సంచులతో పట్టుబడినవాళ్ల ఫొటోలు జిల్లా పేజీలో వస్తూనే ఉంటాయి: ముందు నేలమీద ప్యాకెట్లు, వెనక నిలబడ్డ అధికారులు, మధ్యలో ముఖానికి గుడ్డ కట్టిన ఇద్దరో ముగ్గురో. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని శిక్ష. బెయిలు దాదాపు దొరకదు. సంచి ఎవరిదో ఆ ఫొటోలో ఎప్పుడూ ఉండదు. పండించిన గిరిజనుడికి ముందే బయానా ఇచ్చినవాడు, దారిలో ఏ చెక్‌పోస్టు ఏ రాత్రి ఖాళీగా ఉంటుందో తెలిసినవాడు, మోసినందుకు మనిషికింతని ఖరారు చేసినవాడు, వీళ్లంతా ఫొటో బయటే ఉన్నారు. వరంగల్ నుంచి వచ్చిన కథల్లో గంజాయి మూట మోసిన మనిషి నా కంట పడలేదు. ఎవరైనా రాసి ఉంటే ఈ పత్రికకి పంపాలి, వచ్చే సంచికలోనే దాని మీద మాట్లాడుకుందాం.