బెల్లం వండే చేయి

డైకిరీకి కావలసినవి మూడే: రమ్ము, నిమ్మరసం, పంచదార. పంచదార బదులు అనకాపల్లి బెల్లం పాకం పోసి ఇంట్లో కలిపితే మాత్రం ఉసూరుమనిపిస్తుంది. గ్లాసు బురదనీళ్ల రంగుకి తిరుగుతుంది, రమ్ము వాసన అణిగిపోతుంది, నాలుక మీద కాస్త ఉప్పదనం మిగులుతుంది. పంచదారకి తీపి తప్ప ఇంకేం తెలియదు. బెల్లం చెరకులోని లవణాలనీ పొయ్యి వాసననీ వెంటబెట్టుకొస్తుంది. దాన్ని పక్కవాద్యంగా కూర్చోబెడితే ఊరుకుంటుందా?

అయినా నా మెప్పంతా ఆ బెల్లం వండే మనిషికే. గానుగాడిన రసం వెడల్పాటి పెనంలో పడుతుంది. కింద మంటకి ఎండిన చెరకు పిప్పి. కాస్త సున్నపు తేట పోస్తే మురికి నురగై పైకి తేలుతుంది, దాన్ని తీస్తూనే ఉండాలి. చిక్కబడ్డాక పాకం చుక్క చన్నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూస్తాడు. ముందే దించితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడు. థర్మామీటరు లేకుండానే, ఇంచుమించు 118 డిగ్రీల దగ్గర ఆ వేళ్లు చాలంటాయి.

హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లం పచ్చగా మెరిసి ధర పలుకుతుంది. నాకైతే ముదురు రంగుదే ఇష్టం. పాపం, నాటుసారా నింద మోసేదీ, ఎక్సైజు వాళ్ల కంట్లో పడేదీ ఆ నల్లబెల్లమే. 1913 నుంచి చెరకు మీద పరిశోధన సాగుతున్న ఊరు అనకాపల్లి. ఇక్కడి బెల్లానికి సరైన జోడీ రమ్ము కాదు, మిరియాలూ యాలకులూ. శ్రీరామనవమి పానకం తాగినవాళ్లకి వేరే చెప్పాలా? నిమ్మకాయ పిండడం మీ ఇష్టం.