ఆగి ఉన్న రైల్లో అర కిలోమీటరు

గురుగ్రామ్‌లో ఉంటున్న మా తమ్ముడు కారు కొన్నాడు. తాళం చేతికొచ్చిన రోజే మీటరు ఫొటో తీసి పంపాడు: 43 కిలోమీటర్లు. ఆ బండి తయారైంది మా అనంతపురానికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో, పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఉన్న కియా ఫ్యాక్టరీలో. అక్కడి నుంచి వాడుండే చోటికి రోడ్డు మీద సుమారు రెండు వేల కిలోమీటర్లు. చక్రం నేల మీద తిరిగింది ఆ నలభై మూడే. మిగిలిన దూరమంతా దాన్ని చంకనెత్తుకుని తీసుకెళ్లినట్టే లెక్క. ఆ పని ఎలా చేస్తారో పెనుకొండ రైల్వే స్టేషన్లో ఒక మధ్యాహ్నం నిలబడి చూశాను. చూసినప్పటి నుంచి కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నాను.

ఆ రైలును మనం ఎరుగుదుం. ఎన్నో ఏళ్లు మనల్ని మోసిన పాత ప్యాసింజర్ పెట్టెలే అవి. సీట్లు, ఫ్యాన్లు పీకేసి, కిటికీలు మూసేసి, నేలను గట్టిపరిచి, రెండు కొసల్లోనూ తలుపులు పెట్టి కార్ల కోసం మార్చారు. రైల్వే వాళ్లు వీటిని ఎన్ఎంజీ పెట్టెలంటారు. ఒక రైలుకు పాతిక పెట్టెలు, పెట్టెకు నాలుగైదు కార్లు. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఇనుప పలకలు వాల్చితే పాతిక పెట్టెలూ కలిసి ఒకే సొరంగం అయిపోతాయి. రైలు చివర ర్యాంపు. మొదట ఎక్కిన కారు ఆ సొరంగం అవతలి కొస దాకా పోవాలి. అంటే రైలు కదలకుండానే, రైలు లోపల అర కిలోమీటరు ప్రయాణం! మీటరులోని 43లో ఆ అర కిలోమీటరు కూడా ఉండే ఉంటుంది.

ఆ అర కిలోమీటరు నడపడమే అసలు విద్య. పెట్టె లోపలి వెడల్పు మూడు మీటర్ల లోపు, కారు వెడల్పు దాదాపు మీటరు ఎనభై. ఇటూ అటూ మిగిలేది అర మీటరు చిల్లర. బయట ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి వెళ్లాలి. హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరును అడిగాను: "అంత ఇరుకులో బండి నేరుగా పోతాందని ఎట్ల తెలుస్తుందన్నా?"

"సప్పుడు సార్. పలక మీద ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కల్ల. ఒక్క సప్పుడే రావల్ల. రెండు వినిపిస్తే బండి వంకర పోయిందని లెక్క."

ఆ తర్వాత కళ్లు మూసుకుని విన్నాను. టక్. టక్. పెట్టె పెట్టెకూ ఒక్క చప్పుడే. కారు లోపలికి పోయేకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతూ పోయింది గానీ రెండుగా మాత్రం చీలలేదు. ఇంజిను గొంతు కూడా పెరగలేదు. ఎద్దులబండిని ఇరుకు సందులో తోలే పెద్దవాళ్ల ఒడుపు గుర్తొచ్చింది.

ఆ మనిషి చేతికి ఉంగరం లేదు, గడియారం లేదు. ప్యాంటు బెల్టు బకిల్ కనబడకుండా చొక్కా పైకి వదిలాడు. కారు పక్క నుంచి ఒరుసుకుంటూ దిగేటప్పుడు లోహం ఏదీ రంగుకు తగలకూడదు. హ్యాండ్ బ్రేకు లాగి, తలుపు కొంచెమే తెరిచి, ఒళ్లు పక్కవాటుగా తిప్పి జారుకుంటూ బయటికొచ్చాడు. ముందు కారుకూ తన కారుకూ మధ్య ఎడం పిడికిలి పెట్టి చూసుకున్నాడు.

తర్వాత బెల్టు కట్టేవాళ్ల వంతు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇక్కడే. బరువైన సామాను కట్టమంటే మనం దాని ఒళ్లంతా బిగించి కడతాం. కారును అలా కట్టరు. చక్రాన్ని మాత్రమే నేలకు కట్టేస్తారు. టైరు మీదుగా బెల్టు తిప్పి, రాచెట్ పిడి కటకటమని లాగి, ముందూ వెనకా అడ్డుదిమ్మెలు పెడతారు. బాడీకి బెల్టు బిగిస్తే స్ప్రింగులు అణిగిపోతాయి. రైలు కుదిపినప్పుడల్లా కారు కిందికి దిగి బెల్టు వదులవుతుంది, పైకి లేచి లాగుతుంది. చక్రాన్ని కట్టి ఒంటిని వదిలేస్తే కారు తన స్ప్రింగుల మీద తానే ఊగుతూ పోతుంది. తొట్టిని దూలానికి కట్టి బిడ్డను ఊగనిచ్చినట్టు. ఒకడు కట్టిన బెల్టును ఇంకొకడు వేలితో మీటి చూస్తున్నాడు. ఒకచోట మళ్లీ విప్పించి కట్టించాడు. కట్టినవాడు మారుమాట్లాడలేదు.

ట్రైలర్ల మీద రోడ్డున వెళ్లే బండ్లకూ పద్ధతి దాదాపు ఇదే. పై అంతస్తు ముందు నింపి, తర్వాత కింద. అక్కడ డ్రైవరుకు మరో పని ఎక్కువ: దారిలో ఆగినప్పుడల్లా బెల్టులు చూసుకోవాలి.

బండి నిద్రపోతున్నట్టు ప్రయాణిస్తుందని తమ్ముడికి ఫోన్లో చెప్పాను. ఫ్యూజుల పెట్టెలో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి పంపితే గడియారం, పాటల పెట్టె లాంటివి బ్యాటరీని తాగెయ్యవు. టైర్లలో గాలి కూడా మామూలుకన్నా ఎక్కువ కొట్టి పంపుతారు, రోజుల తరబడి ఒకేచోట నిలబడి టైరు చదునెక్కకుండా. షోరూమ్‌లో స్విచ్ ఆన్ చేసి, గాలి తగ్గించి, బానెట్ మీది తెల్ల పొర ఒలిచాకే అది వాడి చేతికొచ్చింది.

"గీత గానీ పడిందా?" అన్నాను.

వాడు టార్చి వేసుకుని చుట్టూ తిరిగినట్టున్నాడు, చాలాసేపు మాట లేదు. "ఏం లేదన్నా. వెనక ఎడమ టైరు గాడిలో మాత్రం నారింజ రంగు పోగు ఒకటి ఇరుక్కుంది."

బెల్టు పోగు. తీసి పారెయ్యొద్దని, దాచిపెట్టమని చెప్పాను.